మొరటు మొహం బయటికి

మా ఆరోగ్యస్వామి బాబాయి ఇరవై ఏళ్లు మాచర్ల దగ్గర క్వారీలో నాపబండలు చీల్చాడు. ఆ దుమ్ముకి దగ్గు పట్టుకుంది. 1962 వేసవిలో ఫారెస్టు వాళ్లు నల్లమల అంచున, ఊట దగ్గర వాచరుగా ఉండమంటే మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. గుడిసె మాత్రం తనే వేసుకోవాలి. రేంజరు గారు రెండే షరతులు పెట్టారు. పచ్చికొమ్మ నరకకూడదు. ఊటకి దుప్పులు రావడం ఆగకూడదు.

"నెలకి వచ్చి చూస్తా. దుప్పులు రాకపోతే గుడిసె పీకిస్తా. నీకు పనీ ఉండదు," అన్నారు.

పని పోతే మళ్లీ క్వారీయే.

బాబాయి మూడు రోజులు రాయి కదపలేదు. చుట్ట కూడా కాల్చకుండా గుట్ట మీద కూర్చుని దుప్పులు ఏ దారిన వస్తున్నాయో, గాలి ఎటు తోలుతోందో చూశాడు. మా దేవమ్మ పిన్నికి ఒళ్లు మండింది.

"ఇల్లు కడతానని వచ్చి ఈడ కూకున్నావేంది?"

"ముందు వాటి దారి తెలియాల గదే. మన ఇల్లు ఆనక."

చివరికి ఊటకి వందడుగుల ఎడంగా, రెండు మంచాలు పట్టేంత చోటు గీశాడు. పునాది తియ్యలేదు. బండల్ని మూరెడు లోతున నిలువుగా పాతాడు, అంతే. "రేపు మేం పోయినాక వీటిని పీకితే ఒక్క వానకి గుంటలు పూడిపోవాల," అనేవాడు. పైకప్పుకి ఎండి పడిపోయిన వెదురు, బోదగడ్డి. పక్కనున్న పొదల కంటే ఎత్తు లేవనియ్యలేదు.

నా బడి ఐదో తరగతితో ఆగింది కాబట్టి ఊరి నుంచి అన్నం క్యారేజీ మోసే పని నాది. పదకొండో రోజుకి ఇల్లు లేచింది. బండలు తోలిన అబ్దుల్ మజీద్ ఎడ్లని ఆపి, "అద్దంలాగుంది స్వామన్నా!" అన్నాడు. బాబాయి మీసం కింద నవ్వుకున్నాడు.

పని జరిగినన్నాళ్లూ చప్పుడుకి రాని దుప్పులు, చప్పుడు ఆగాక కూడా రాలేదు.

నాలుగు రోజులు చూశాం. ఊట చుట్టూ బురదలో కొత్త గిట్టల అచ్చు ఒక్కటీ లేదు. ఐదో రోజు పొద్దున ఒక తల్లి దుప్పి పిల్లతో గుట్ట మలుపు దాకా వచ్చింది. మా గోడ కనపడగానే బిగుసుకుపోయి, కాలు నేలకేసి కొట్టి, వెనక్కి పరుగెత్తింది. అంతదాకా అది గుట్ట రాతిని రాసుకుంటూనే వచ్చింది, అదీ మా గోడ జాతి రాయే. కాకపోతే గుట్ట రాయి నల్లగా ఉంది. గోడ తెల్లగా మెరుస్తోంది. పిన్ని చెవిలో చెప్పాను.

పిన్ని గట్టిగా అరిచింది. "ఏవయ్యో! పిల్ల చెప్తంది, నీ గోడ మెరుపుకే బెదురుతున్నాయంట!"

బాబాయి తెచ్చినవి క్వారీ పైపొర బండలు. వాటికి ఒక మొహం ఎండకీ వానకీ నల్లబడి మొరటుగా ఉంటుంది, రెండోది కొత్తగా చీలి నున్నగా ఉంటుంది. నున్న మొహాన్ని బయటికి పెట్టని పనివాడు మా పల్నాట్లో లేడు. బాబాయి చెయ్యి అలవాటుకొద్దీ అదే చేసింది.

"మొరటు మొహం బయటికా? మా మేస్త్రి చూస్తే నా మొహాన ఊస్తాడు."

"మీ మేస్త్రి వస్తాడా ఊటకి నీళ్లు తాగను?"

బాబాయి గడ్డపార అందుకున్నాడు. రెండు రోజుల్లో బండలన్నీ తిప్పి పాతాడు. సాయం పట్టిన మజీద్ నవ్వు ఆపుకోలేకపోయాడు. "చొక్కా తిరగేసి తొడిగినట్టుంది స్వామన్నా!"

మూడో పొద్దుకి బురదలో అచ్చులు కనిపించాయి. ఆ వారంలోనే మంద దిగింది.

నెల తిరిగాక రేంజరు గారు ముందు ఊట దగ్గరికి వెళ్లి, వంగి అచ్చులు చూశారు. లేచి చుట్టూ కలయజూశారు.

"గుడిసె ఏదయ్యా? ఇంకా మొదలే పెట్టలేదా?"

బాబాయి నోరు తెరిచేలోగా, ఆయనకి ఎదురుగా ఉన్న పొదల్లోంచే పిన్ని చెంబుతో మంచినీళ్లు పట్టుకుని బయటికొచ్చింది. రేంజరు గారు ఉలిక్కిపడ్డారు. తర్వాత తల వంచి లోపలికెళ్లి, నున్నటి గోడని అరచేత్తో తడిమారు.

"ఇక్కడే ఉండిపో ఆరోగ్యస్వామీ," అన్నారు.