చెరకు బండ్ల వరుసలో ఒక బర్రె కథ

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కడినే. అందుకే కాబోలు, బోధన్ దాటాక ఉన్న చక్కెర ఫ్యాక్టరీ ముందు చెరకు ట్రాక్టర్ మీద కూర్చునే బాధ్యత నాకు దక్కింది. ముందు బండి కదిలితే మన బండి కదలాలి. లేకపోతే వెనకవాడు దూరతాడు, కోసిన చెరకు ఎండకు తూకం తగ్గుతుంది.

"కండ్లు ముంగటనే ఉండాలె," అని చెప్పి మా బాపు చాయ్ తాగడానికి పోయాడు.

ఫోన్లో చార్జింగ్ అయిపోవడంతో లావుపాటి నవల తెరిచాను. అందులో నాయకుడు నలభై పేజీలుగా కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. గొప్ప నవల అని నలుగురు చెబితే కొన్నాను గనుక నేనూ అతనితో పాటు నిలబడ్డాను.

మా వెనక బండి తాలూకు, కోటగిరి ఊరి పెద్దాయన వచ్చి టైరుకు ఆనుకున్నాడు.

"ఏం సదువుతున్నవ్ బిడ్డా?"

"నవల, తాతా."

"ఏమైతది అండ్ల?"

"ఇంకా ఏం కాలే."

ఆయన జాలిగా చూశాడు. తర్వాత, అడగకుండానే, తప్పిపోయిన తన బర్రె కథ ఎత్తుకున్నాడు. ఉపోద్ఘాతం లేదు, సూర్యోదయం లేదు. రెండో వాక్యంలో బర్రె పోయింది, నాలుగో వాక్యంలో మహారాష్ట్ర సంతలో దొరికింది. కొన్నవాడు నాదంటాడు, ఈయన నాదంటాడు. సంతలో పెద్దమనుషులు తీర్పు చెప్పారు: ఇద్దరూ చెరో దిక్కు నిలబడాలి, తాడు విప్పాలి, బర్రె ఎవరి దగ్గరికి పోతే వాళ్లది.

"తాడు ఇప్పిండ్రు. బర్రె తల లేపింది. ఇటు సూసింది. అటు సూసింది."

ఆగి, బీడీ ముట్టించాడు. మౌనాన్ని ఎక్కడ పెట్టాలో నేను చదివిన రచయితల్లో ఇద్దరు ముగ్గురికే తెలుసు. నవల మూసేశాను.

అదే సమయంలో ఆయన డ్రైవర్ మమ్మల్ని దాటి, మా ముందు ఏర్పడిన ఖాళీలో ట్రాక్టర్ దూర్చాడు. వాడి వెనకే ఇంకో రెండు బండ్లు.

"నా బండి కదిలినట్టుంది బిడ్డా," అని పెద్దాయన తొందరేమీ లేకుండా నడిచి వెళ్లాడు.

బాపు వచ్చాడు. ముందున్న బండ్లను, తర్వాత నన్ను చూశాడు.

"బర్రె ముచ్చట చెప్పిండా?"

"నీకెట్ల తెలుసు?"

"పోయినేడు నాకు చెప్పిండు. గప్పుడు నాలుగు బండ్లు పోయినయి."

తిట్లకు సిద్ధపడ్డాను. మామూలుగా అవి నా డిగ్రీతో మొదలవుతాయి. కానీ బాపు ఆ పెద్దాయన ట్రాక్టర్ వైపే చూస్తూ ఉండిపోయాడు.

"ఎవల దిక్కు పోయిందంట?" అన్నాడు మెల్లగా.

"చెప్పలే."

"నాకు గూడ చెప్పలే." బాపు ఎక్కి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. "బండి నేను సూస్త. నువ్వు పోయి అడిగి రా."