కొంగుముడిలో బొక్క ముక్క

ఈ రోజు పొద్దున ధర్మపురి దగ్గరి మా పశువుల దవాఖానకు ఎల్లవ్వ అనే ముసలామె తన కుక్కను గంపలో పెట్టుకొని వచ్చింది. మొన్న ఎడ్లబండి చక్రం కింద పడి దాని వెనక కాలు విరిగిందట. మేకలకు కట్టినట్టే వెదురుబద్దలు పెట్టి, కోడిగుడ్డుసొన, మినపపిండి పూసి కట్టేసింది. ఎముక లోలోపలే విరిగితే ఆ కట్టు మంచిదే. కట్టు తడిపి విప్పాను. ఎముక తోలు చీల్చుకొని బయటికొచ్చిన గాయాన్ని మట్టితో సహా మూసేసింది! లోపలంతా చీము.

"ఇంత గాయం మీద పిండి పూస్తారా అవ్వా?" అని అరిచాను.

"కోపం జెయ్యకు డాక్టర్‌సాబ్. ఊడిన బొక్క ముక్కను నేను పారెయ్యలే. నువ్వు మల్ల అతికిస్తవని పసుపుల పెట్టి తెచ్చిన" అంటూ కొంగుముడి విప్పింది.

అరచేతిలో గోరంత ఎముక!

గాయం కడిగి, కొత్తగా వచ్చిన పెన్సిలిన్ సూది వేసి, శుభ్రమైన గుడ్డ కప్పి బద్దలు కట్టాను. కాలు నిలుస్తుందో లేదో తెలియదు. ఆ ముక్క ఇక అతకదని చెప్పలేక, "ఇక్కడ పెట్టిపో అవ్వా" అన్నాను.

అది ఇప్పుడు నా బల్ల మీదే ఉంది. పారేయడానికి చేతులు రావడం లేదు. రేపు ఆమె వచ్చి "అతికినాదా?" అంటే ఏం చెప్పాలో మీకెవరికైనా తోస్తే చెప్పండి.