ఏ ఊరిదో తెలియని సీసా

ఆ రోజుల్లో నేను సైకిల్ మీంచి కాలవలో పడిపోయానని మా ఆయన నలుగురు కూర్చున్న చోటల్లా చెబుతుంటారు. శుద్ధ అబద్ధం. పడలేదు, దిగాను. కంపెనీ బస్సు మీదికొస్తుంటే బుద్ధున్నవాళ్ళెవరైనా దిగుతారు. సైకిల్‌తో సహా దిగడం, మోకాలిలోతు నీళ్ళలోకి దిగడం అన్నవి వివరాలు మాత్రమే. పోనీ, వివరాలే కావాలంటే ఆయన మింగేసేది ఒకటుంది: సీసాల మీద ఊరి పేర్ల చీటీల్ని అన్నం మెతుకులతో అంటించిందెవరు? (అప్పటికి ఆయన నాకు మొగుడు కాదు, మేనత్త కొడుకు. "జిగురు కొనొచ్చుగా బావా" అంటే, "మెతుకు పట్టిందంటే జన్మలో ఊడదే" అన్న మహానుభావుడు.)

అచ్యుతాపురం వైపు కంపెనీ బస్సులు అప్పుడప్పుడే మొదలయ్యాయి. నేను డిగ్రీ ముగించి అనకాపల్లిలో ఒక ప్రైవేటు బళ్ళో సైన్సు చెబుతున్నాను. రిటైరైన లెక్కల మాస్టారొకాయన ప్రతి ఆదివారం పదిమందిని పోగేసి కొండకర్ల ఆవ అనే పెద్ద మంచినీటి చెరువు దాకా సైకిళ్ళ మీద బయల్దేరదీసేవారు. దారిలో ఊరూరా ఆగడం, బోరు దగ్గర బిందెలు దించిన ఆడవాళ్ళతో నీళ్ళ సంగతులు మాట్లాడటం. "బస్సులో పోతే ఊరు కనిపిస్తుందమ్మా. సైకిల్ మీద పోతే ఊళ్ళోవాళ్ళు మనకి కనిపిస్తారు, మనం వాళ్ళకి కనిపిస్తాం" అనేవారాయన. ఆ ఆదివారం ఐదూళ్ళ బోరునీళ్ళు పరీక్షకి పట్టాం (ఊళ్ళ పేర్లు చెప్పను, రెండింట్లో నాకు చుట్టాలున్నారు). మందు పూసిన కాగితం ముక్క ఉన్న చిన్న గాజు సీసాలవి. నీళ్ళు పోసి మూత బిగించి ఒక రోజు ఉంచితే, మురుగు కలిసిన నీళ్ళు నల్లబడిపోతాయి. అంతే పరీక్ష. ఐదు సీసాలూ నా సైకిల్ బుట్టలో ఉండగా నేను దిగాను. మూతలు గట్టివి, ఒక్క చుక్క కారలేదు. చీటీలు మాత్రం ఐదుకి ఐదూ కాలవ వెంబడి వెళ్ళిపోయాయి.

సోమవారం సాయంత్రం బడి నుంచి వచ్చి చూద్దును కదా, కిటికీలో నాలుగు సీసాలు తేటగా ఉన్నాయి, ఒకటి తారులా ఉంది. ముందురోజు ఐదూళ్ళలోనూ పిల్లలు బోరు చేతికి వేళ్ళాడుతూ, ఒకడు కొడుతుంటే ఒకడు దోసిలి పట్టి తాగారు. వాళ్ళలో కొందరు ఈ నల్లనీళ్ళే తాగుతున్నారు, ఇప్పుడు కూడా. వాళ్ళెవరో చెప్పగలిగిన కాగితాన్ని నేను కాలవపాలు చేశాను. తీసుకెళ్ళి చూపిస్తే మాస్టారు సీసాని వెలుతురుకి పెట్టి చూసి, "ఇప్పుడేం చేద్దామమ్మా?" అన్నారు. తిట్టి ఉంటే వాదించేదాన్ని. తిట్టలేదు.

మంగళవారం బడికి సెలవు పెట్టి బావని వెంటేసుకుని బయల్దేరాను. మొదటి ఊళ్ళో బోరు దగ్గర చెప్పాను: ఐదూళ్ళలో ఒక ఊరి నీళ్ళు చెడ్డాయి, ఏ ఊరివో తెలీదు, కాచుకుని తాగండి అని. బిందె నింపుతున్నావిడ తలెత్తకుండానే, "మా నీళ్ళు పాడవడమేటి పాపా? ఆ పక్కూరోళ్ళవయ్యుంటాయి, సూడు" అంది. పక్కూరికెళ్తే వాళ్ళు ఆ పైవూరన్నారు. అలా తోసుకుంటూ తోసుకుంటూ ఐదో ఊరికి చేరితే, వాళ్ళ వేలు మళ్ళీ మొదటి ఊరికేసి చూపించింది. మూడో ఊళ్ళో ఒకాయన బావని పక్కకి లాగి, "మావోడికి సమ్మందం కుదుర్తంది బాబూ. నీళ్ళు పాడైపోనాయని నువ్వు టముకేత్తే పిల్లనెవులిత్తారు? ఎల్లెల్లు" అన్నాడు. నాలుగో ఊళ్ళో అరుగు మీద కూర్చున్న మామ్మ అయితే నన్నే పట్టుకుంది.

"ఏటి సదివేవే నువ్వు? సీసా మీద పేరు నిలపలేకపోనావు. నా మనవరాలు ఈ నీళ్ళు తాగొచ్చా, తాగకూడదా? ఒకటి సెప్పు."

"కాచి పట్టు మామ్మా."

"ఊరందరికీ కర్రలు నువ్వు తెత్తావేటి?"

ఎవరెంతన్నా ఊరుకోని నేను ఆ రోజు నోరు మూసుకుని సైకిలెక్కాను. (ఆయన చెప్పే కథలో ఇది ఉండదు, చూసుకోండి.)

కొత్త సీసాలు వైజాగ్ నుంచి వచ్చేసరికి గురువారమైంది. ఆ రెండు రోజులూ బళ్ళో ఎవరు దగ్గినా, ఎవరు కడుపు పట్టుకున్నా ఆ ఊళ్ళే గుర్తొచ్చేవి. గురువారం మొదటి ఊరి బోరు దగ్గరికి వెళ్ళేసరికి బ్లీచింగు వాసన గుప్పుమంది. "ఏటీ లేదు పాపా, మామూలుగానే ఏయించేం" అన్నారు. రెండో ఊళ్ళోనూ అదే వాసన, అదే మాట. మూడో ఊళ్ళో, నాలుగో ఊళ్ళో అంతే. ఐదో ఊళ్ళో బోరు చుట్టూ పచ్చి సిమెంటు కూడా ఆరుతోంది. మాది కాదు మాది కాదని నా మొహమ్మీద అరిచిన ఐదూళ్ళూ, నేను వెనక్కి తిరగ్గానే తలో దారినా పంచాయతీ వాళ్ళ వెంటపడి మందు వేయించుకున్నాయి. కొత్త సీసాలు ఐదూ తేటగా మిగిలాయి.

"చీటీలుంటే ఒక్క ఊరే బాగుపడేది, నా మెతుకుల వల్ల ఐదూళ్ళు బాగుపడ్డాయి" అంటారు మా ఆయన. ఇన్నేళ్ళయినా ఆ మాట వింటే నాకు ఒళ్ళు మంట. సరే, మీ దగ్గర దాపరికమెందుకు? బస్సు చాలా దూరంలోనే ఉంది. నేను వెనక్కి తిరిగి, జిగురు గురించి బావతో వాదిస్తూ తొక్కుతున్నాను. వాదనలో గెలిచాను కూడా, మరుక్షణం కాలవలో ఉన్నాను. తల ఒకవైపు, చక్రం ఒకవైపు పెట్టుకుని లోకాన్ని బాగుచెయ్యడానికి బయల్దేరిన ఆ పిల్లని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త ముద్దు కూడా వస్తుంది. కానీ ఆ నవ్వు పూర్తవదు. ఆదివారం నుంచి మందు పడేదాకా ఆ నీళ్ళు తాగింది ఎవరి పిల్లలు?