మీటరు ముల్లు, మా అక్క

మొన్న విశాఖపట్నంలో నా నడుముకి సీటీ స్కాన్ తియ్యాలన్నారు. చొక్కా విప్పించి, వెనకాల ముడి అందని ఒక గౌను తొడిగించి, బల్ల ఎక్కబోయే వేళకి అద్దం అవతలి అమ్మాయి, "కొంచెం ఆగండి తాతగారూ, మిషను కేలిబ్రేషన్ చేసుకుంటోంది" అంది. కొలత సరిగ్గా ఉందో లేదో తనంతట తానే సరిచూసుకుంటుందట! ఆ చలిగదిలో వణుకుతూనే నవ్వుకున్నాను. మా రోజుల్లో ఆ పనికి ఒక మనిషి, ఒక సీసం డబ్బా, ఒక టేపు, ఒక స్క్రూడ్రైవరు కావాలి. ఆ మనిషిని నేనే.

పంతొమ్మిది వందల అరవైల చివర్లో బొంబాయిలో నా ఉద్యోగం అదే. ఎక్స్‌రే గదుల్లో కిరణాలు అక్కర్లేని చోటికి పోతున్నాయేమో మీటరుతో కొలిచి రిపోర్టు రాయడం. ఎక్స్‌రే తీసేవాళ్ళు చొక్కాకో కోటుకో ఒక ఫిలిం బిళ్ళ గుచ్చుకోవాలి. ఒంటికి ఎంత కిరణం తగిలితే బిళ్ళ అంత నల్లబడుతుంది. ఆ బిళ్ళలన్నీ పరీక్షకి మా ఆఫీసుకి వచ్చేవి. ఒకసారి నరసన్నపేటలోని ఒక చిన్న ఆసుపత్రి నుంచి బాగా నల్లబడ్డ బిళ్ళ వచ్చింది. అది అక్కడ ఎక్స్‌రేలు తీసే మా బావది, అంటే మా పెద్దక్క భర్తది. గదిలో కిరణాలు ఎక్కువున్నాయని రిపోర్టు వస్తే అది మనిషి అజాగ్రత్తేనని, పనిలోంచి తీసేస్తానని అక్కడి డాక్టరుగారు బావతో ముందే చెప్పేశారు. తెలుగువాడివి నువ్వే వెళ్ళమన్నారు మా ఆఫీసరు. ఆ బిళ్ళ మా బావదని ఆయనకి నేను చెప్పలేదు. చెబితే వేరేవాణ్ణి పంపేవారు, నాకు అక్క చేతి వంట పోయేది. అంతకు మించి ఆలోచించే వయసు కాదు నాది.

ఆమదాలవలసలో రైలు దిగి, బస్సెక్కి నరసన్నపేట చేరాను. ముందు ఆసుపత్రి వరండాలో మీటరు సరిచూసుకున్నాను. సీసం డబ్బాలోంచి చిన్న రేడియం గొట్టం పటకారుతో తీసి, టేపుతో దూరం కొలిచి పెడితే ముల్లు ఫలానా గీత మీద ఆగాలి. ఆగకపోతే పక్కనున్న స్క్రూ తిప్పి ఆపాలి. ఆగింది. గొట్టాన్ని తిరిగి డబ్బాలో పెట్టి, డబ్బాని వరండాలోనే వదిలి గదిలోకి వెళితే, ఎక్స్‌రే మిషను ప్లగ్గు పీకేసి ఉన్నా ముల్లు కదిలింది! కరెంటు లేని మిషను కిరణాలు కక్కదు. నాకు అనుమానం నా మీటరు మీదే. మళ్ళీ వరండాకి వెళ్ళి సరిచూస్తే గీత మీదే ఆగింది. గదిలోకి వస్తే మళ్ళీ కదిలింది. పెళ్ళివారింట్లో వంటవాడిలా మూడుసార్లు తిరిగాను. బావ గోడకి ఆనుకుని, బీడీ ముట్టించకుండానే నోట్లో పెట్టుకుని నిలబడ్డాడు.

మధ్యాహ్నం కేరియరు పట్టుకుని అక్క వచ్చింది. వరండాలో నా పక్కన కూర్చుని కాసేపు నా పని చూసింది.

"ఆ స్క్రూ తిప్పితే ముల్లు తగ్గుతాదేటిరా?"

తగ్గుతుందన్నాను.

"అయితే ఇంకో సుట్టు తిప్పరా తమ్ముడూ. మీ బావ ఉద్యోగం నిలబడతాది. ఎవుడు సూడొచ్చాడు?"

"తప్పక్కా. అలా తిప్పితే ఇంక ఈ మీటరు ఎక్కడా నిజం చెప్పదు" అన్నాను, పాఠం చెప్పే మేష్టరులాగా. అక్క నాకేసి చూసింది.

"నీకు ముల్లు ఎక్కువా, నాను ఎక్కువా?" అంది. కేరియరు అక్కడే పెట్టి, వడ్డించకుండా వెళ్ళిపోయింది. తిప్పాలని నాకూ అనిపించింది. స్క్రూడ్రైవరు జేబులోనే ఉంది. దాన్ని తీసి పెట్టెలో పెట్టి తాళం వేశాను.

తిండి మానేసి మీటరుతో గది అంతా అంగుళం అంగుళం వెతికాను. ఒక గోడ దగ్గరికి వెళ్ళేసరికి ముల్లు పైకి లేచింది. అక్కడ మేకుకి బావ కోటు, దానికి కొత్త ఫిలిం బిళ్ళ. దాని కిందే బల్ల మీద, ఫొటో తీసేటప్పుడు విరిగిన కాలు కదలకుండా ఆనించే ఇసుక మూటలు.

"ఈ ఇసుక ఎక్కడిది బావా?"

"బావనపాడుది. ఎండుసేపలికెల్లినప్పుడు సముద్రం ఒడ్డున నానే మూట కట్టుకొచ్చినాను. నల్ల ఇసక బరువురా! మూట సిన్నదైనా కాలు కదల్నీదు" అన్నాడు బావ గర్వంగా.

ఆ తీరపు నల్ల ఇసుకలో పుట్టుకతోనే కిరణాలిచ్చే ఖనిజం కలిసి ఉంటుందని మాకు ఆఫీసులో చెప్పేవారు. బావ ఇంటికెళ్ళేటప్పుడు కోటు ఆ మేకుకే తగిలించి పోయేవాడు. మనిషి ఇంట్లో నిద్రపోతుంటే బిళ్ళ ఇక్కడ నల్లబడుతూ ఉండేది. మిషనుదీ మనిషిదీ తప్పు లేదు, తప్పు ఇసుకదని రాశాను. మూటల్లోకి వంశధార ఇసుక వచ్చింది. బావ ఉద్యోగం నిలిచింది. కనిపించినవాడికల్లా తన ఇసుక బొంబాయి దాకా వెళ్ళిందని చెప్పుకున్నాడు.

సాయంత్రం ఇంటికెళ్ళి అక్కతో, "చూశావా, ముల్లు నిజమే చెప్పింది" అన్నాను. ఆమె పొయ్యి ముందునుంచి తల తిప్పలేదు.

"ఇసక దొరక్కపోతే ఏటి రాద్దువురా?"

నేను మీటరు పెట్టె తాళం సరిగ్గా పడిందో లేదో చూసుకున్నాను. నేను చెప్పకుండానే నా జవాబు ఆమెకి తెలిసిపోయింది. ఆ తరువాత పండక్కీ పబ్బానికీ పిలిచింది, వడ్డించింది, కానీ ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్పడం మానేసింది. నాకది ఇప్పటికీ బాధే. ఉన్నదున్నట్టు రాద్దునక్కా, రాశాక నీ ఒళ్ళో తలపెట్టి ఏడుద్దును అని చెప్పవలసింది. ఆ ఒక్క ముక్క కూడదీసుకునేసరికి నాకు అరవై ఏళ్ళు వచ్చాయి, అక్క పోయి అప్పటికే రెండేళ్ళయింది.