బంద్ రోజు తాగని నీళ్లు

2011 ఏప్రిల్‌లో నన్ను ఎల్బీనగర్ సెక్షన్‌కు అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. అక్కడి నుంచి దిల్‌సుఖ్‌నగర్ వైపు తాగునీటి పైపులైను వేయించాలి. తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులు. బంద్ పిలుపుంటే పైపుల లారీ రాదు గానీ రోడ్డు ఖాళీగా దొరికేది. అందుకని కందకం తవ్వకం ఆ రోజుల్లోనే ఎక్కువ సాగించేవాళ్లం. నీళ్ల పని కదా అని ఉద్యమకారులూ అడ్డుపడేవారు కాదు.

ఎండకు నా ఏర్పాట్లు నేను చేశాను. పొద్దున ఆరుకే పని మొదలు, పన్నెండు నుంచి మూడు దాకా విరామం, టార్పాలిన్ నీడ, రెండు కుండల నీళ్లు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. కాంట్రాక్టరుకు మేం ఆదేశాలు రాసే సైట్ ఆర్డర్ బుక్కులో అన్నీ నా చేత్తోనే రాశాను. నాలాంటి ఇంజనీరు ఉండడని లోపల కాస్త మురిసిపోయాను కూడా.

ఒక బంద్ రోజు పదకొండింటికి మరియమ్మ మట్టి తట్టతో సహా కూలబడింది. నల్గొండ పల్లె నుంచి వచ్చి సైదాబాద్‌లో కిరాయికి ఉండే కూలీ ఆమె. నలభై దాటి ఉంటాయి. ఒళ్లు కాలిపోతోంది, మాట తడబడుతోంది. మేస్త్రీ యాదగిరి ఆమె నోట్లో నీళ్లు పోయబోతే ఆపాను. తెలివి సరిగా లేని మనిషికి పోస్తే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అంబులెన్సుకు ఫోన్ చేసి, ఆమెను నీడలోకి చేర్చి, ఒళ్లంతా తడిపి తట్టలతో గాలి విసిరాం. బారికేడ్లు దాటుకుని అంబులెన్సు వచ్చేసరికి అరగంట పట్టింది.

ఆమెను తీసుకెళ్లాక నా కోపమంతా యాదగిరి మీద చూపించాను. నీళ్లెందుకు ఇవ్వలేదని అరిచాను.

"ఇచ్చిన సారూ. ఆడోళ్లు తాగుతలేరు. రోజూ పెట్రోల్ బంకుల బాత్రూంకు పోతుండె. ఇయ్యాల బంద్ గదా, బంకుకు తాళమేసిండ్రు."

కూలీల్లో పెద్దామె ఒకతి నా వైపు చూడకుండానే అంది: "తాగితే ఏడికి పోవాలె సారూ, నడి రోడ్డు మీద?"

మగవాళ్లం ఏ గోడ చాటుకో పోయేవాళ్లం. ఆడవాళ్ల సంగతి నా బుర్రకు తట్టనే లేదు. చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మరియమ్మ నాలుగు రోజులు దవాఖానలో ఉండి బతికి బయటపడింది. ఈలోగా నాలుగు రేకులతో మరుగుదొడ్డి లేపించాను. కందకం ముందుకు జరిగినప్పుడల్లా అదీ జరిగేది. ఎస్టిమేటులో ఇది లేదు కదయ్యా అని మా పై అధికారి డీఈ గారు గునిశారు, నేను పట్టించుకోలేదు.

రిటైరయ్యేదాకా ఏ సైటుకు వెళ్లినా ఆడకూలీలు ఎక్కడికి వెళ్తున్నారనే ముందు అడిగేవాణ్ణి. మేస్త్రీలు ముసిముసిగా నవ్వేవారు. నవ్వుకోనీ. ఆ చోటు చూపించకుండా ఎన్ని కుండలు పెట్టినా, అవి మగవాళ్ల కోసం పెట్టినవే.