ఎన్నిస్‌లో తైక్వాండో, కర్నూలులో మా అవ్వ

మొన్న ఇక్కడ మేముంటున్న విదేశీ ఊరు ఎన్నిస్‌లో మా పాపను మొదటిసారి తైక్వాండో క్లాసుకు తీసుకెళ్లాను. తెల్ల యూనిఫాం కొత్త వాసన తగలగానే మన కర్నూలు స్కూలు గ్రౌండు కళ్లముందుకొచ్చింది. గుర్తున్నాయా నాతో చదివిన అమ్మాయిలూ, మన తైక్వాండో క్లాసుకు అమ్మలు దుప్పటి గుడ్డతో కుట్టిన ఆ ప్యాంట్లు?

"ఆడపిల్ల కాలెత్తి తన్నేదేంది? ఇంటికి పా!" అంటూ ఒకరోజు మా అవ్వ గ్రౌండుకే వచ్చేసింది.

మాస్టారు ఆమెకు కుర్చీ వేశారు. "ఇది కొరియా విద్యమ్మా. మొదటి పాఠం ఎదుటివాళ్లకు వంగి నమస్కరించడం. తన్నడం ఆ తర్వాతే" అన్నారు.

నేను అవ్వకు వంగి నమస్కరించి, మాస్టారు పట్టుకున్న చెక్కను కాలితో ఫటుక్కున విరగ్గొట్టాను. అవ్వ లేచి నిలబడి, "ఇంకోటి పట్టుకో సారూ!" అంది.

ఇక్కడి కోచ్ పెద్దవాళ్లూ చేరొచ్చన్నారు. "మమ్మీ, కెన్ యూ ఈవెన్ కిక్?" అని పాప నవ్వింది. బూట్లు విప్పి మ్యాట్ ఎక్కాను. కాలు భుజం దాకా లేచింది!