నిండిన ముఖం

ఆదివారం చర్చిలో అందరితోపాటు నిలబడి గొంతెత్తి పాడటమంటే మా అమ్మకు ప్రాణం. ఆయాసం ఆ పాటనే పట్టుకుంది. హెబ్బగోడిలో మా అద్దె ఇంటి చుట్టూ ఏడాది పొడవునా ఎవరో ఒకరు ఇల్లు కట్టిస్తూనే ఉంటారు. ఆ దుమ్ముకు తుమ్ములతో మొదలై పిల్లికూతల దాకా వచ్చేది. నేను నర్సును. డాక్టరు రాసిన స్టెరాయిడ్ పంపు, అదే ఇన్‌హేలర్, తెచ్చి, ఎలా పీల్చాలో, తర్వాత నోరు ఎలా పుక్కిలించాలో పదిసార్లు చూపించాను.

"పంపు పట్టినోళ్ళను అది సచ్చేదాకా విడవదంట పాపా. చర్చిలో అందరి ముందర నోట్లో పెట్టుకుంటే ఏమనుకుంటారు?" అంది అమ్మ. చివరికి సరేనంది, నేను నమ్మాను. వార్డులో రోగులు మాత్ర మింగారో లేదో నోరు తెరిపించి చూసే మనిషిని, ఇంట్లో ఆ పంపు మీద మిగిలిన మోతాదుల అంకె తగ్గుతోందా అని ఒక్కసారీ చూడలేదు.

కొన్ని నెలల్లో ఆయాసం తగ్గింది. అమ్మ ఒళ్ళు చేసింది, బుగ్గలు నిండాయి. "ఏమక్కా, మొకం చంద్రుని మాదిరి ఉండాది, కూతురు బాగా చూసుకుంటా ఉండాదే" అని చర్చిలో ఆడవాళ్ళు అంటుంటే పొంగిపోయాను. ఆ ముఖాన్ని ఫోటో తీసి, పెద్దది చేయించి హాల్లో తగిలించాను. సిగ్గు లేకపోతే సరి. స్టెరాయిడ్‌కు అలా ఉబ్బిన ముఖాలు వార్డులో ఎన్ని చూడలేదు నేను? రోగికైతే అది వాపు, మా అమ్మకైతే కళ.

రెండేళ్ళకు నీళ్ళ బిందె ఎత్తబోయి అమ్మ అక్కడే కూలబడింది. వెన్నుపూస విరిగింది. ఎక్స్‌రేలో గుల్లబారిన ఎముకలు చూసిన డాక్టరు, "స్టెరాయిడ్ మాత్రలు ఎన్నాళ్ళుగా వాడుతున్నారు?" అని నన్నడిగాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మ కొంగుముడి విప్పి మాత్రల రేకు తీసింది. వీధి చివరి మెడికల్ షాపులో, చీటీ లేకుండా, అలర్జీ మాత్ర అని ఇచ్చినవి. పంపులోని రవ్వంత మందుకు భయపడి, అదే మందును అంతకు ఎన్నో రెట్లు రోజూ మింగింది.

"ఎందుకు చెప్పలేదమ్మా?" అని కసిరాను.

"మొకం నిండింది, ఈ ఊరు నీళ్ళు పడినాయి అని నువ్వే ఫోటో తీస్తివి కదా. మంచిదే అనుకుంటి."

డాక్టరు ఆ మాత్రలను మెల్లగా తగ్గించి మాన్పించాడు. ఇప్పుడు అమ్మ చర్చిలో అందరి ముందరే పంపు పీలుస్తుంది. ఎవరూ ఏమీ అనుకోరు. పాటకు అందరూ లేస్తారు, ఆమె ఒక్కతే కూర్చుని పాడుతుంది. ముఖం మునుపటిలా చిక్కింది.

"ఏమక్కా, ఇట్లా అయిపోతివి? కూతురు సరిగా చూసుకోదా?" అని ఆ ఆడవాళ్ళే అడుగుతారు.

"చూసుకుంటాది" అంటుంది అమ్మ. నేను ఆమె పక్కనే నిలబడి ఉంటాను.